విడితోక గబ్బిలము - కాయతొలుచు శలభము

గబ్బిలమన్నంతనే మనలో ననేకులు మొగము చిట్లింతురు. అది ఇంట జొచ్చుట అశుభమనియు, పాడుపడిన గుడికిని దిక్కులేని మేడకును అది గుర్తనియు ఒక భావము మనలో పాతుకొనియున్నది. 1941లో జాషువ కవి దానినే దూతగా జేసికొని కాశీనాథునికి సందేశము పంపించెను గాని, లోకుల భావము మాత్రము పెద్దగా మాఱలేదు. శలభమును గూర్చి మన తలంపు వేఱు. దీపమునకు మోహపడి కాలిపోవు అమాయకప్రాణి యని కవులు దానిపై జాలిపడిరి. రైతు మాత్రము జాలిపడడు. దీపముచుట్టు తిరుగు ఆ రెక్కలపురుగే రేపు చేనిలో కాయలు తొలుచు పచ్చపురుగులకు తల్లి యని అతడెఱుగును. అందుచేతనే దానికి "తల్లిపురుగు" అని పేరు పెట్టినాడు.

ఈ రెండు ప్రాణులను ఒకచోట నిలిపి పోల్చి చూచుటయే నేటి ప్రసంగమునకు విషయము. గబ్బిలములలో 1,400కు పైబడిన జాతులు కలవు. శలభములలో లక్షకు మించిన జాతులున్నవి. అన్నిటిని పోల్చుట అలవిగాని పని. కావున ఒక్క జాతి గబ్బిలమును, ఒక్క జాతి శలభమును మాత్రమే తీసికొందును. రెండును అమెరికా ఖండమునకు చెందినవి. మన ఊరి గబ్బిలమును విడిచి అంతదూరము పోనేల యని మీరడుగవచ్చును. టెక్సాసు రాష్ట్రములో శాస్త్రజ్ఞులు ఈ రెండింటిని అనేక సంవత్సరములుగా వెన్నాడి, ఒకదానితో నొకటికి గల సంబంధమును లెక్కలతో తేల్చియున్నారు. అట్టి జంట వేఱొకచోట దొరకుట కష్టము. అదియు గాక ఆ శలభము మనకు బొత్తిగా పరాయిది కాదు. మన శనగను, కందిని, ప్రత్తిని తొలుచు పచ్చపురుగు దానికి దగ్గఱి జ్ఞాతి. రూపములో, నడతలో రెండింటికిని ఎంత పోలికయనగా, ప్రక్కప్రక్కన పెట్టినచో చేతిభూతద్దముతో చూచినను తెలిసికొనలేము.

మొదట గబ్బిలమును చూతము. దీనిని మెక్సికో విడితోక గబ్బిలమనవచ్చును. తక్కిన చిన్న గబ్బిలములలో పెక్కింటికి తోక వెనుకకాళ్లనడుమనున్న చర్మములో ఇమిడిపోవును. దీని తోకలో సగము ఆ చర్మమును దాటి చిట్టెలుక తోకవలె వెలుపలికి వచ్చియుండును. దేహము బొటనవ్రేలంత. రెక్కలు చాచినపుడు ఆ కొననుండి ఈ కొనకు సుమారొక అడుగు. బరువు తూచినచో ఒక తులము. ఈ తులమెత్తు ప్రాణి పక్షి కాదు, పక్షికి చుట్టమును కాదు. దీని రెక్క నిజమునకు చేయి. వ్రేళ్లు గొడుగు కమ్ములవలె పొడవుగా సాగి, వాని నడుమ పలుచని చర్మము పఱచుకొనియున్నది. పిల్లను కనును, చన్నిచ్చి పెంచును. ఆవునకును మేకకును ఉన్న లక్షణములే దానికిని ఉన్నవి.

ఇక శలభము. దీని రెక్కలు చేతులు కావు, చర్మమును కాదు. పట్టుకొన్నచో వ్రేళ్లకంటు ఆ పొడి, రెక్కలపై కప్పియున్న సన్నని పొలుసులు. ఎండుగడ్డి రంగు. రెక్కలు చాచిన వెడల్పు అంగుళమున్నర. బరువు ఒకటి రెండు గురివిందగింజల యెత్తు. మొక్కజొన్న వేయువారు దీని పిల్లను కండెపురుగనియు, ప్రత్తి వేయువారు కాయపురుగనియు, టమాటో పండించువారు పండుపురుగనియు పిలుతురు. మూడును ఒక్కటే. తల్లి మాత్రము ఏ పంటను కొఱుకదు. దానికి కొఱుకు నోరే లేదు. పూవులలోని తేనెను గొట్టమువంటి నాలుకతో పీల్చుకొని, గ్రుడ్లు పెట్టి, రెండు వారములు గడవకమునుపే చచ్చును. చేటంతయు పిల్లలది.

పోలికలలో ముఖ్యమైనది ఈ సంతానపు లెక్కయే. ఆడశలభము తన కొద్ది దినముల బ్రదుకులో సామాన్యముగా వేయి గ్రుడ్లు పెట్టును. అనుకూలించినచో అంతకు రెండింతలును పెట్టగలదు. ఒకచోట కుప్పగా పెట్టదు. మొక్కజొన్న కండె పీచుపైన ఒకటి, ప్రత్తిచిగురుపైన ఒకటిగా విడివిడిగా పెట్టుచు పోవును. మూడవ దినమునకు గ్రుడ్డు పగులును. రెండు మూడు వారములు పురుగు తిని పెరుగును. పిమ్మట మొక్క దిగి, మట్టిలో రెండు మూడు అంగుళముల లోతునకు దూరి, గోధుమరంగు గింజవలె మాఱి నిద్రించును. మఱి రెండు వారములకు రెక్కలతో లేచివచ్చును. వేసవిలో ఈ చక్రము ఒక నెలలో తిరుగును. ఏటికి నాలుగైదు తరములు.

గబ్బిలమునకు ఏటికి ఒక్క పిల్ల. అదియు జూన్ నెలలో. పుట్టినపుడే పిల్ల బరువు తల్లి బరువులో నాలుగవ వంతుండును. ఐదాఱు వారములు పాలిచ్చినగాని అది ఎగురనేరదు. తల్లి ఎనిమిది పదియేండ్లు బ్రదికినను, జీవితకాలములో కను పిల్లలను చేతివ్రేళ్లపై లెక్కింపవచ్చును. వానిలో మొదటి యేడే చచ్చునవి అనేకము.

అయినను ఆ దేశములో ఇవి కోట్లకొలది ఉన్నవి. సాన్ ఆంటోనియో నగరమునకు సమీపమున బ్రాకెన్ గుహ యనునది కలదు. వేసవిలో అందులో ఒకటిన్నర మొదలు రెండు కోట్ల విడితోక గబ్బిలములు చేరునని అంచనా. లోకములో ఇంతకంటె పెద్ద గబ్బిలపు నివాసము లేదు. అది పురిటిల్లు. చేరునవి దాదాపు అన్నియు తల్లులే. మగవి వేఱుచోట్ల కాలము గడుపును. తల్లులు పిల్లలను గుహపైకప్పున ఒకచోట గుంపుగా వ్రేలాడవేసి మేతకు పోవును. ఒక చదరపు అడుగు మేర నాలుగైదు వందల పిల్లలు, ఇంకను బొచ్చు రాని లేతదేహములు, ఒకదాని నొకటి ఒరసికొని వెచ్చదనము పంచుకొనుచు వ్రేలాడుచుండును. క్రింద జాఱిన పిల్ల మఱల పైకి రాదు. నేలపై ఎఱువుకుప్పలో మాంసము తిను పెంకుపురుగులు కోట్లున్నవి. కొన్ని నిమిషములలో ఎముకలు మాత్రమే మిగులును.

తెల్లవాఱుజామున మేతనుండి వచ్చిన తల్లి, ఇన్ని లక్షల పిల్లలలో తన పిల్లను ఎట్లు గుర్తుపట్టును? చాలకాలము శాస్త్రజ్ఞులు కూడ గుర్తుపట్టదనియే తలంచిరి. ఎదుట పడిన పిల్లకు పాలిచ్చి పోవునని వ్రాసిరి. 1980 తరువాత తల్లిపిల్లల రక్తసంబంధమును పరీక్షించి చూడగా, చాలమట్టుకు తల్లి తన పిల్లకే పాలిచ్చుచున్నదని తేలినది. తాను విడిచిన తావును జ్ఞాపకముంచుకొని, అచ్చటికి వచ్చి వాలి, పిల్ల కూతను బట్టియు వాసనను బట్టియు వెదకికొనును. సంతలో తప్పిపోయిన బిడ్డను గొంతు పోల్చి పట్టు తల్లికిని దీనికిని భేదము లేదు.

శలభపు పిల్లలలో ఈ ముచ్చట లేదు. వానికి తల్లి మొగమే తెలియదు. ఒక్క మొక్కజొన్న కండెలో రెండు మూడు పురుగులు చేరినచో, పెద్దది చిన్నదానిని తినివేయును. రైతు కండె వలిచి చూచినపుడు సామాన్యముగా ఒక్క పురుగే కనబడుటకు ఇదియే కారణము.

విచిత్రమేమనగా, ఇంత భేదముగల ఈ రెండు ప్రాణులును ఒకే త్రోవన ఒకే ఋతువులో ప్రయాణము చేయును. గబ్బిలములు చలికాలము మెక్సికో దేశములో గడిపి, వసంతమున ఉత్తరముగా టెక్సాసునకు వచ్చును. మెక్సికోకును టెక్సాసునకును సరిహద్దుగానున్న రియో గ్రాండి నదిలోయలో మొక్కజొన్న ముందుగా పండును. మే చివరను జూన్ మొదటను అచ్చటి మట్టిలోనుండి శలభములు లెక్కకు మించి లేచి, రాత్రివేళ దక్షిణపు గాలినెక్కి ఉత్తరముగా సాగును. 1980 ప్రాంతములలో శాస్త్రజ్ఞులు రాడారు యంత్రముతో వీనిని వెంబడించి చూచిరి. నేలకు కొన్ని వందల మీటర్ల యెత్తున, ఒక్క రాత్రిలో 400 కిలోమీటర్ల దూరము పోవునని తెలిసినది. రెండు గురివిందగింజల యెత్తు ప్రాణి, గాలి తోడుపడగా, మన విజయనగరమునుండి విజయవాడ దాక పోవునంత దూరము రాత్రికి రాత్రి పోవుచున్నదన్నమాట.

ఆ శలభములు పైకి లేచు కాలమును, గబ్బిలపు తల్లులు పిల్లలను కని పాలిచ్చు కాలమును ఒక్కటే. పాలిచ్చు తల్లి ఒక్క రాత్రిలో తన బరువులో సగము మొదలు మూడింట రెండువంతుల వఱకు పురుగులను తినవలసియుండును. అంత మేత నేలమీద దొరకదు. కావున అవి గాలిలో ఆ శలభపుదారికే పోవును. ఈ సంగతి మొదట ఊహగానుండెను. తరువాత బెలూనులకును గాలిపటములకును శబ్దగ్రాహక యంత్రములు కట్టి పైకి పంపగా, నేలకు 900 మీటర్ల యెత్తున గబ్బిలములు వేటాడు కూతలు వినబడినవి. వాని రెట్టను పరీక్షింపగా ఈ శలభపు జీవపదార్థపు గుర్తులు అందులో చిక్కినవి. చేలలో శలభములు హెచ్చిన దినములలో రెట్టలోను ఆ గుర్తులు హెచ్చినవి. సాయంకాలము గుహనుండి వెడలు గబ్బిలపు సమూహము వాతావరణశాఖవారి రాడారుపై మేఘమువలె కనబడును. తెలియనివాడు వానమబ్బనుకొనును.

ఇప్పుడు వేటసంగతి. కటికచీకటిలో ఇంత చిన్నపురుగును గబ్బిలము ఎట్లు పట్టును? ఇటలీ దేశమున పావియా నగరములో స్పలాంజాని యను పండితుడు 1793లో ఈ ప్రశ్నను పట్టుకొనెను. దీపమార్పిన గదిలో గుడ్లగూబ గోడకు కొట్టుకొనెను. గబ్బిలము కొట్టుకొనలేదు. కన్నులు పోగొట్టిన గబ్బిలములను విడిచిపెట్టి, కొన్నాళ్లకు వానిని చర్చి గంటగోపురములో మఱల పట్టి కోసి చూడగా, వాని కడుపునిండ పురుగులున్నవి. ఆ పరీక్ష క్రూరమైనదే. కాని కన్నుతో పనిలేదని దానివలన తేలినది. జినీవాలో జూరీన్ అను వైద్యుడు గబ్బిలపు చెవులు మూసి చూచెను. అప్పుడది గోడలకు కొట్టుకొని పడిపోయెను. చెవితో చూచుటయా యని లోకము నవ్వినది. నిశ్శబ్దముగా ఎగురు ప్రాణికి చెవివలన ప్రయోజనమేమని పండితులే ఆక్షేపించిరి. ఇట్లు నూటనలువదియేండ్లకు పైగా ఆ సత్యము మూలబడియుండెను.

1938లో హార్వర్డు విశ్వవిద్యాలయమున గ్రిఫిన్ అను విద్యార్థి, పియర్సు అను భౌతికశాస్త్రజ్ఞుని యంత్రము ముందు గబ్బిలమును పెట్టి చూడగా అసలు సంగతి బయటపడినది. గబ్బిలము నిశ్శబ్దముగా ఎగురుటలేదు. అది ఎడతెగక కేకలు వేయుచునేయున్నది. మన చెవి సెకండునకు 20,000 కంపనములకు మించిన శబ్దమును వినజాలదు. గబ్బిలపు కేక ఆ హద్దునకు పైనున్నది. కొండముందు నిలిచి కేకవేసినచో మాఱుమ్రోగినట్లు, దాని కేక పురుగునకు తగిలి తిరిగివచ్చును. తిరిగివచ్చుటకు పట్టిన కాలమును బట్టి దూరమును, రెండు చెవులకు వినబడిన తేడాను బట్టి దిక్కును గ్రహించును. పురుగు సమీపించిన కొలది కేకలు వడిగా వేయును. పట్టుకొనుటకు ముందటి క్షణములో సెకండునకు నూటికి మించిన కేకలు.

శలభము ఊరకుండునా? దానికిని చెవులున్నవి. తలపై కాదు, నడుమునొద్ద, ఱొమ్మును పొట్టయు కలియుచోట, ప్రక్కకొకటి చొప్పున. పలుచని డోలుతోలువంటి పొర, దాని వెనుక శబ్దమును గ్రహించు జీవకణములు రెండే రెండు. మన చెవిలో ఇట్టి కణములు వేలకొలది యున్నవి. రెండు కణములతో ఏమి వినవచ్చునని అనిపించును గదా. అమెరికాలో టఫ్ట్సు విశ్వవిద్యాలయమునకు చెందిన రోడర్ అను ఆచార్యుడును, అతని సహచరుడు ట్రీట్ అనునాతడును 1950 తరువాత ఈ చెవినే పరిశోధించిరి. శలభపు చెవినరమునకు సన్నని తీగ తగిలించి, రాత్రి ఆరుబయట గబ్బిలములు తిరుగుచోట పెట్టి, ఆ నరము పలుకుటను యంత్రముతో వినిరి. గబ్బిలము 100 అడుగుల దూరముననున్నపుడే శలభపు చెవి పలికినది! గబ్బిలమునకో, శలభపు ప్రతిధ్వని కొన్ని అడుగుల దూరమునుండిగాని వినబడదు. అనగా దొంగ ఊరిపొలిమేరలోనున్నపుడే ఇంటివానికి తెలియుచున్నది. దొంగకు మాత్రము వాకిటికి వచ్చినగాని ఇల్లు కనబడదు.

దూరపు కేక వినబడినచో శలభము దిక్కు మార్చి మెల్లగా తప్పుకొనును. కేక మిక్కిలి దగ్గఱయైనచో తిన్నగా పారిపోవుటవలన లాభము లేదు, గబ్బిలమునకు వేగము హెచ్చు. అందుచే గిఱగిఱ తిరిగి, వంకరటింకరగా ఎగిరి, ఒక్కసారి రెక్కలు ముడిచి రాయివలె గడ్డిలో పడును. రోడర్, ట్రీట్ గార్లు ఇట్టి పోరాటములను వందలకొలది కన్నులార చూచి లెక్క వ్రాసిరి. ఇట్లు మాయలు పన్నినవి నూఱు బ్రదికిన, ఏమియు చేయక తిన్నగా పోయినవి 60 మాత్రమే బ్రదికినవి. రెండు కణముల చెవికి ఇంత ఫలము.

ఇచ్చట ఒక చిన్న సంగతి చెప్పక పోలేను. ఈ కుటుంబపు శలభముల చెవిలో కాపురముండు నల్లివంటి సూక్ష్మజీవి యొకటి కలదు. ట్రీట్ గారు దానిని ఏండ్లతరబడి పరీక్షించిరి. ఆ జీవి చెవిలో చేరి, లోపలి పొరను చించి, గ్రుడ్లు పెట్టి సంసారము చేయును. ఆ చెవి చెవుడగును. కాని ఎన్ని జీవులు చేరినను అన్నియు మొదటిది చేరిన చెవిలోనే చేరును, రెండవ చెవిని ముట్టవు. రెండు చెవులును పోయినచో శలభము గబ్బిలము పాలగును, దానితో తామును పోవును. అద్దెయింటిని ఎంతవఱకు పాడుచేయవచ్చునో తెలిసిన కాపురము!

ఇక రైతు కొచ్చు లాభనష్టముల మాట. సాన్ ఆంటోనియోకు నైరుతి దిక్కున ఎనిమిది జిల్లాలలో సుమారు 10,000 ఎకరముల ప్రత్తి ఉండెడిది. గబ్బిలములు లేకున్నచో అచ్చట పంటకు కలుగు నష్టమును, అదనముగా కొట్టవలసిన పురుగుమందుల వెలయు లెక్కించి, 2006లో శాస్త్రజ్ఞులొక అంచనా ప్రకటించిరి. ఏటికి 7,41,000 డాలరులు. అనుకూలప్రతికూలములను బట్టి 1,21,000 మొదలు 17,25,000 వఱకు. ఆ ప్రత్తిపంట మొత్తపు వెల 46 లక్షలు మొదలు 64 లక్షల డాలరులు. కూలి అడుగని ఈ పనివాండ్ర వాటా ఎంతయో మీరే చూచుకొనవచ్చును. ఇది కాగితపు లెక్కయే గదా యని సందేహించువారికి, ఇలినాయి రాష్ట్రములో 2015లో ప్రకటింపబడిన మఱియొక పరీక్ష కలదు. అచ్చటి గబ్బిలములు వేఱుజాతులవి, పురుగు మాత్రము ఇదియే. మొక్కజొన్నచేలలో కొన్ని మడులకు రాత్రివేళ వలలు కప్పి గబ్బిలములు రాకుండ చేసి, పగలు వలలు తీసి పిట్టలను రానిచ్చిరి. వల కప్పిన మడులలో కండెపురుగులు దాదాపు 60 శాతము హెచ్చినవి.

అయితే ఒకటి దాపరికము లేక చెప్పవలెను. పురుగును చంపు గుణమును తనలోనే కలిగిన బీ.టీ. ప్రత్తి 1996లో అమెరికాలో వచ్చిన తరువాత గబ్బిలపు వెల తగ్గినది. నైరుతి ప్రత్తిసీమలన్నిటిని కలిపి చూడగా 1990లో సుమారు 2 కోట్ల 40 లక్షల డాలరులున్న ఆ లాభము 2008 నాటికి సుమారు 49 లక్షలకు దిగినదని ఒక లెక్క తేల్చినది. ప్రత్తిధర పడిపోవుటయు అందులో ఒక కారణము. గబ్బిలముతో ఇక పనియేమని కొందఱు తలంచిరేమో. కాని ఏటికి నాలుగైదు తరములెత్తు ప్రాణికి ఏ విషమైనను అలవాటగుటకు ఎంతో కాలము పట్టదు. వేయింటిలో ఒకటి తట్టుకొన్నను, దాని సంతానము మఱు నెలకు చేనంతయు నిండును. బీ.టీ. విషములలో కొన్నింటిని ఈ శలభము జీర్ణించుకొనుచున్నదని అమెరికాలోనే ఋజువైనది.

ఈ సంగతి మన పెద్దలకు క్రొత్త కాదు. 1987-88లో గుంటూరు, ప్రకాశము జిల్లాలలో తెల్లదోమయు పచ్చపురుగును ప్రత్తిపై విరుచుకొనిపడినపుడు, మందుపై మందు కొట్టినను పురుగు చావలేదు. అప్పులపాలై ప్రాణములు తీసికొనిన రైతులున్నారు. ఆ సంవత్సరమే మన పచ్చపురుగును పరీక్షించిన శాస్త్రజ్ఞులు, అది మందులను తట్టుకొను శక్తి సంపాదించినదని వ్రాసిరి.

గబ్బిలమునకు ఆ శక్తి చేకూరుటకు సమయము చాలదు. పురుగుకు కొట్టిన మందు పురుగు ద్వారమున దాని కడుపులో చేరి, క్రొవ్వులో నిలిచి, పాలలో పిల్లకు పోవును. ఏటికొక్క పిల్ల. ఆ పిల్ల చచ్చినచో ఆ యేటి పంట పోయినట్లే. అరిజోనా రాష్ట్రములో ఈగిల్ క్రీక్ గుహలో 1963లో ఈ విడితోక గబ్బిలములు రెండున్నర కోట్లకు పైగా నుండెనని అంచనా వేసిరి. 1969లో చూడగా 30,000 మాత్రమే మిగిలినవి. కోట్లలో లెక్కించుట కష్టమనియు, మొదటి అంక హెచ్చైయుండవచ్చుననియు చెప్పువారున్నారు. ఎంత తగ్గించి చూచినను గుహ వట్టిపోయిన మాట నిజము. డి.డి.టి.వంటి మందులును, గుహలో జొచ్చి తుపాకులు కాల్చు మనుష్యుల ఆగడమును అందుకు కారణములని చెప్పుదురు. అమెరికాలో డి.డి.టి.ని 1972లో నిషేధించిరి.

గబ్బిలము పోయిన తరువాత ఏమగునో ఆ దేశపు ఈశాన్యభాగమున చూచిరి. 2006లో న్యూయార్కు రాష్ట్రపు గుహలో ఒక బూజు తెగులు పొడసూపినది. చలికాలమంతయు నిద్రించు జాతుల ముక్కులపై తెల్లగా పట్టి, నిద్ర చెఱిచి, చంపును. లక్షలకొలది గబ్బిలములు చచ్చినవి. మన విడితోక గబ్బిలము అట్లు దీర్ఘనిద్ర పోదు గనుక దానికింతటి ముప్పు రాలేదు. తెగులు సోకిన జిల్లాలలో రైతులు పురుగుమందు వాడుకను సగటున 31 శాతము పెంచిరనియు, ఆ జిల్లాలలో శిశుమరణములు సుమారు 8 శాతము హెచ్చినవనియు 2024లో ఒక పరిశోధన ప్రకటించినది. గబ్బిలము చేయు పని ఆగినచో, ఆ పని విషము చేయవలసివచ్చును. ఆ విషము చేనిగట్టు దగ్గఱ ఆగదు.

మన యూళ్లలోను పురుగులు తిను చిన్న గబ్బిలములు అనేకజాతులున్నవి. చింతచెట్లకు మఱ్ఱిచెట్లకు తలక్రిందుగా వ్రేలాడు పెద్దవి పండ్లు తినునవి, వాని సంగతి వేఱు. చిన్నవి గోపురపు బొఱియలలోను, పాతబావుల రాతికట్టులలోను, పెంకుటింటి దూలముల సందులలోను ఉండును. ఒక జాతికి శాస్త్రజ్ఞులు మన కోరమండల తీరము పేరే పెట్టియున్నారు. గుడి మరమ్మతు చేయించునపుడు గబ్బిలముల సందులు మూయవలసి వచ్చినచో, పిల్లలు ఎగురు వయసు వచ్చినదాక ఆగి మూయించుట మేలు. లేకున్న తల్లులు వెలుపల, పిల్లలు లోపల చిక్కి చచ్చి, ఆ దుర్వాసన భక్తులే భరింపవలసివచ్చును. పొగ పెట్టుట పనికిరాదు. నేలబడిన గబ్బిలమును మాత్రము వట్టిచేతితో ముట్టరాదు. అమెరికాలో కొన్నింటికి వెఱ్ఱికుక్క రోగము ఉండుట కద్దు. ఏ దేశములోనైనను అడవిజంతువు కరచినచో వైద్యుని చూచుటయే తగినది. పిల్లలకు ఈ మాట ముందుగా చెప్పియుంచవలెను.

టెక్సాసు రాజధానియైన ఆస్టిన్ నగరములో 1980లో ఒక వంతెనను మరమ్మతు చేసిరి. దాని అడుగున ఏర్పడిన సన్నని సందులు విడితోక గబ్బిలములకు నచ్చినవి. లక్షలుగా వచ్చి చేరినవి. జనులు బెదరి, వానిని చంపింపుడని అర్జీలు పెట్టుకొనిరి. తెలిసినవారు నచ్చచెప్పగా ఆగిరి. ఇప్పుడు వేసవిలో అచ్చట 15 లక్షల వఱకు గబ్బిలములుండునని చెప్పుదురు. సాయంకాలము అవి వెడలుట చూచుటకు దూరదేశములనుండి జనులు వచ్చి వంతెనపై బారులు తీరి నిలుతురు.

నవంబరు నాటికి వానిలో పెక్కు మెక్సికోకు మరలిపోవును. అప్పటికి చేలలో శలభమును కానరాదు. దాని సంతానము మట్టిలో గింజవలె నిద్రించుచు వసంతమునకై వేచియుండును. మన పచ్చపురుగును అట్లే మట్టిలో నిద్రించును. ఆ దశలో అది గబ్బిలమునకు అందదు. పంట కోసిన తరువాత వేసవిలో లోతుగా దున్నినచో అది మన్నుతోపాటు పైకి తేలును. నాగలి వెంట నడచు కొంగలకును గోరువంకలకును ఆ సంగతి ఎవరును చెప్పనక్కఱలేదు.